కంటి పరీక్షకు పోతున్నారా? కర్నూలు వాళ్లకు మొదటి నుంచి చివరిదాకా

కర్నూల్లో కళ్లజోళ్ల షాపులకు కొదవ లేదు. చాలామందికి కంటి పరీక్ష అంటే మిషన్ ముందు గడ్డం ఆనించడం, బయటికొచ్చిన చీటీ పట్టుకుని ఫ్రేము ఏరుకోవడం. దాంతో సైటు తెలుస్తుంది, అదీ ఉజ్జాయింపుగా. కంట్లో ఒత్తిడి ఎంతుంది, షుగరు రెటీనా (కంటి వెనక పొర) దాకా పోయిందా, శుక్లం మొదలైందా అనేవి ఆ చీటీలో ఉండవు. నీటికాసుల జబ్బు (గ్లాకోమా) ఎక్కువమందిలో నొప్పి లేకుండానే ముదురుతుంది. అక్షరాలన్నీ చకచకా చదివే కంట్లో కూడా అది ఉండొచ్చు. అందుకే 40 దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు, అమ్మానాన్నలకో తోబుట్టువులకో నీటికాసులు ఉన్నవాళ్లు పోయినప్పుడు "సైటు చూడండి" అనకూడదు, "కన్ను పూర్తిగా చూడండి" అని అడగాలి. పూర్తిగా చూడాలంటే కంటిపాప పెద్దయ్యే చుక్కలు వేయాలి. దానికి రెండు గంటలైనా చేతిలో పెట్టుకోండి.

ఎవరి దగ్గరికి పోవాలి

కంటి దగ్గర ముగ్గురు పనిచేస్తారు. ఆప్టోమెట్రిస్టు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల డిగ్రీ చదివినవారు. సైటు తేల్చడం, ఒత్తిడి కొలవడం, జబ్బు లక్షణాలు కనిపెట్టడం వారి పని. కంటి డాక్టరు ఎంబీబీఎస్ తర్వాత కంటి వైద్యం చదివినవారు. మందులు రాయడం, లేజర్, ఆపరేషన్ వారివి. అద్దాలు కోసి ఫ్రేములో బిగించేవారు ఆప్టీషియన్. షాపులో మీ కన్ను చూస్తున్నది మొదటివారో మూడోవారో అడగడంలో తప్పేమీ లేదు. ఊళ్లలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆప్తాల్మిక్ ఆఫీసర్ అనే పేరుతో సైటు చూసేవాళ్లుంటారు.

కర్నూల్లో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చేవాళ్లు పొద్దున బస్సే పట్టుకోవాలి. ఓపీ చీటీ, చార్టు, చుక్కలు, డాక్టరు గది అన్నీ వరసగా నడుస్తాయి. పదకొండు దాటి చేరితే చుక్కలు పనిచేసేలోపు ఓపీ అయిపోయి, ఇంకో రోజు రావాల్సి రావచ్చు. ఆధార్ కార్డు, ఫోను దగ్గర పెట్టుకోండి.

కొన్నింటికి అద్దాల షాపూ, అపాయింట్‌మెంటూ పనికిరావు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోవడం, కంట్లో మెరుపులతో పాటు నల్ల చుక్కలు గుంపుగా రావడం, తెర జారినట్టు ఒక పక్క చీకటి కమ్మడం, కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు కావడం, వడ్ల గింజ పొట్టో శనక్కాయ ఆకో గుచ్చుకుని నీళ్లు కారడం అలాంటివి. ఆకు గీసుకున్న కంట్లో చనుబాలు, ఆముదం, ఆకు పసరు పోస్తే పుండు పెద్దదవుతుంది. మెడికల్ షాపులో అడిగి వేసుకునే ఎర్రకన్ను చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే అంతకంటే చేటు. కంట్లో సున్నం పడితే ఆసుపత్రికి పరిగెత్తడం కూడా తర్వాతే. ముందు రెప్పలు బాగా విప్పి, పలుకులేమైనా ఉంటే పోయేదాకా, కనీసం పావుగంట నుంచి అరగంట ధారగా మంచినీళ్లతో కడగాలి.

ముందురోజు, ఆ పొద్దున

ఇది పరగడుపున చేసే పరీక్ష కాదు. టిఫిన్ తినండి, బీపీ, షుగరు మాత్రలు ఎప్పట్లాగే వేసుకోండి. రక్తపరీక్ష అనుకుని పస్తుతో వచ్చి, క్యూలో కళ్లు తిరిగే షుగరు పేషెంట్లు ప్రతి ఆసుపత్రిలోనూ కనిపిస్తారు.

షుగరు ఉన్నవాళ్లకు ఇంకో మాట. రక్తంలో చక్కెర బాగా పెరిగితే కంటిలోపలి సహజ లెన్సు ఉబ్బి, సైటు తాత్కాలికంగా మారిపోతుంది. తరచుగా మైనస్ వైపుకు పోతుంది. "ఉన్నట్టుండి దగ్గరివి అద్దాలు లేకుండానే చదవగలుగుతున్నా, దూరానివే మసక" అని సంబరపడేవాళ్లలో కొందరి సంగతి ఇదే. మందులు మొదలై చక్కెర దిగుతుంటే సైటు మళ్లీ ఇంకో వైపుకు జరుగుతుంది. ఆ మధ్యలో చేయించిన అద్దాలు నెల తిరక్కుండానే పనికిరాకుండా పోతాయి. చక్కెర అదుపులోకి వచ్చి నాలుగు నుంచి ఆరు వారాలు నిలకడగా ఉన్నాక అద్దాలు రాయించుకోవాలి. రెటీనా పరీక్షను మాత్రం దానికోసం ఆపొద్దు.

కాంటాక్టు లెన్సులు వాడేవాళ్లు మెత్తటివైతే కనీసం ముందురోజు నుంచి, గట్టివైతే రెండు వారాల ముందు నుంచి తీసేయాలి. అవి నల్లగుడ్డు పైపొర ఆకారాన్ని మారుస్తాయి. కాటుక, సుర్మా పెట్టుకోవద్దు. వాటి పొడి కన్నీటిలో తేలుతుంటే స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దదిగా చూపే మిషన్) చూసేవారికి ఇబ్బంది, చుక్కలు వేశాక మీకు మంట. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చినా, క్యూలో గంటసేపు ఫోను చూస్తూ కూర్చున్నా సైటు నిలకడగా తేలదు.

వాడుతున్న అద్దాలన్నీ తేవాలి, గీతలు పడినవి, కాడ విరిగినవి కూడా. పాత చీటీ ఉంటే ఇంకా మంచిది. మందుల పేర్లు గుర్తుండవు కాబట్టి స్ట్రిప్పులే తెచ్చుకోండి. టీబీకి ఇచ్చే ఇథాంబ్యుటాల్, కీళ్ల వాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ చూపు మీద ప్రభావం చూపగలవు. మూత్రం సాఫీగా రావడానికి మగవాళ్లు వాడే టామ్సులోసిన్ సంగతి శుక్లాల ఆపరేషన్ చేసే డాక్టరుకు ముందే తెలియాలి. ఇంకొకటి, తోడు ఒకరు ఉండాలి. చుక్కలు వేశాక బండి నడపకూడదు.

చార్టు దగ్గర

మొదట మాటలు. ఎప్పటి నుంచి, ఒక కన్నా రెండూనా, దూరానివా దగ్గరివా, తలనొప్పి పొద్దున లేవగానేనా సాయంత్రమా. ఇక్కడ మీ పని ఏమిటో చెప్పడం అన్నింటికంటే ముఖ్యం. ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చునేవారికి, ఆదోనిలో పత్తి మిల్లు లెక్కలు రాసేవారికి, ఆటో నడిపేవారికి ఒకే సైటు ఉన్నా ఒకే అద్దాలు సరిపోవు. కంటికీ పనికీ మధ్య దూరం టేపుతో కొలిచి రండి. పుస్తకానికి సుమారు 40 సెంటీమీటర్లు, కంప్యూటరుకు 60 పైన. 40 సెంటీమీటర్ల దగ్గర చూపు నిలపడానికి కంటికి 2.50 పవరు కావాలి, 60 దగ్గర 1.67 చాలు. ఈ తేడా తెలియకుండా రాసిన దగ్గరి అద్దాలతో నేతగాడు రోజంతా మెడ ముందుకు వంచి కూర్చోవాల్సి వస్తుంది.

తర్వాత చార్టు. డచ్చి డాక్టరు స్నెల్లెన్ 1862లో తయారుచేసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. దూరం 6 మీటర్లు. గది చిన్నదైతే అద్దంలో చార్టు చూపించి 3 మీటర్లను 6 చేస్తారు. 6/6 వరసలో అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్ల లోపే, అన్నిటికంటే పై అక్షరం దానికి పదింతలు. 6/60 అంటే మంచి చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి చదివేదాన్ని మీరు 6 మీటర్ల దగ్గరికొస్తేగానీ చదవలేకపోతున్నారని. చదువు రానివాళ్లకు ఇంగ్లీషు "E" అక్షరాన్ని నాలుగు వైపులకూ తిప్పిన చార్టు ఉంటుంది, కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. తెలుగు అక్షరాల చార్టూ ఉంటుంది. సిగ్గుపడి రాని అక్షరాలు ఊహించి చెప్పడం కంటే ముందే అడగండి.

ఒక కన్ను మూసేటప్పుడు అరచెయ్యి గిన్నెలా వంచి పెట్టుకోవాలి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి కనపడుతుంది. గుడ్డును నొక్కితే ఆ కంటి వంతు వచ్చేసరికి అది మసకగా ఉంటుంది. కళ్లు చికిలించొద్దు, మెడ ముందుకు చాచొద్దు. చాలామంది దీన్ని స్కూలు పరీక్షలా తీసుకుని పాస్ కావాలని చూస్తారు. చికిలించి ఒక వరస ఎక్కువ చదివితే మీ అద్దాల పవరు అంతమేరకు తప్పుతుంది.

కిందివి చదవలేకపోతే సన్నని రంధ్రం ఉన్న నల్ల బిళ్ల పెట్టి చదవమంటారు. రంధ్రం సుమారు ఒక మిల్లీమీటరు. దాంట్లోంచి బాగా కనిపిస్తే లోపం సైటుది, అద్దాలతో సరవుతుంది. కనపడకపోతే శుక్లమో, రెటీనాయో, నరమో చూడాలి. నిమిషం కూడా పట్టని ఈ పరీక్ష ఎటు పోవాలో చెప్పేస్తుంది.

పవరు తేల్చడం

గడ్డం ఆనించి, రోడ్డు చివర ఇల్లో, ఆకాశంలో బెలూనో చూడమనే మిషన్ ఆటోరిఫ్రాక్టోమీటరు. ఆ బొమ్మ ముందు మసకగా కనిపించేది కంటిని సడలించడానికే. దూరాన ఉన్నదాన్ని చూస్తున్నట్టు తీరుబడిగా చూడండి. అది ఇచ్చే అంకె మొదటి అంచనా మాత్రమే. పిల్లల్లో, పడుచువాళ్లలో కన్ను బిగబట్టి చూడటం వల్ల మైనస్ ఎక్కువ చూపిస్తుంది. ఆ చీటీ చూసి నేరుగా అద్దాలకు ఆర్డరు తీసుకునే షాపులో అద్దాలు చేయించుకోకండి. కొందరు చేతిలో సన్నని వెలుతురు గీత వచ్చే రెటినోస్కోపుతో కంట్లోకి చూస్తూ, ఎదురుగా లెన్సులు మారుస్తారు. తెలిసినవాళ్ల చేతిలో అది మిషన్ కంటే నమ్మదగినది.

ఆపైన అసలు పని. ముక్కు మీద బరువైన గుండ్రటి ట్రయల్ ఫ్రేము పెట్టి, పెట్టెలోంచి ఒక్కో లెన్సు తీసి వేస్తూ అడుగుతారు: "ఏమ్మా, ఇప్పుడు బాగుందా, ముందుది బాగుండెనా?" మీ జవాబును బట్టే నంబరు తేలుతుంది కాబట్టి ఇక్కడ ఏం జరుగుతోందో తెలిసి ఉండాలి.

మైనస్ లెన్సు ఎక్కువయ్యే కొద్దీ అక్షరాలు చిన్నవై, నల్లగా కనిపిస్తాయి. నలుపును చూసి "బాగుంది" అనేస్తారు. అడగాల్సింది ఇంకో అక్షరం చదవగలుగుతున్నానా అని. కొత్తగా ఒక్క అక్షరం కూడా రాకపోతే "నల్లగా ఉంది గానీ తేడా లేదు" అని చెప్పండి. ఎక్కువ మైనస్ ఇచ్చిన అద్దాలతో మొదటి వారం ప్రపంచం తళతళలాడుతుంది, ఆ తర్వాత సాయంత్రమయ్యేసరికి నుదురు లాగేస్తుంది.

ఎరుపు, ఆకుపచ్చ పలకల మీద నల్ల అక్షరాలు చూపించేది దీన్ని పట్టుకోవడానికే. ఎరుపులో బాగుంటే ఇంకా మైనస్ కావాలి, ఆకుపచ్చలో బాగుంటే మైనస్ ఎక్కువైంది. రంగు బాగుందా అని కాదు, దాని మీది అక్షరాల అంచు ఎక్కడ పదునుగా ఉందో చూడాలి.

పిడి ఉన్న చిన్న లెన్సును ముందు నిలిపి, గిర్రున తిప్పుతూ "ఇదా, అదా" అని అడిగేది సిలిండరు (ఒక దిశలో మాత్రమే కావాల్సిన పవరు) కోసం. రెండు వైపులా కొంచెం మసకగానే ఉంటుంది, ఏది తక్కువ మసకో చెప్పాలి. రెండూ సమానంగా అనిపించాయంటే కొలత దొరికిందన్నమాట. కాబట్టి "రెండూ ఒకటే" కూడా జవాబే. భయపడి ఏదో ఒకటి చెప్తే సిలిండరు యాక్సిస్ (కోణం) పక్కకు జరుగుతుంది, నేల ఒరిగినట్టు కనపడే అద్దాలు అలానే తయారవుతాయి. అర్థం కాకపోతే మళ్లీ తిప్పమనండి, ఎన్నిసార్లైనా.

40 దాటితే చత్వారం చూస్తారు. చేతికి అక్షరాల అట్ట ఇస్తారు. ఎన్8 అని ఉండేది ఇంచుమించు దినపత్రిక అక్షరం, ఎన్6 అంతకంటే చిన్నది. అట్టను మీరు మామూలుగా పట్టుకునే దూరంలోనే పట్టుకోండి. 40ల మొదట్లో దగ్గరికి +1.00 దాకా చాలు, 60 వచ్చేసరికి +2.50 దగ్గరికి చేరుతుంది. అద్దాలు పెట్టుకోవడం వల్ల అది పెరగదు, పెట్టుకోకపోయినా పెరుగుతుంది.

చివర్లో ఆ ట్రయల్ ఫ్రేముతోనే లేచి వరండాలో పది అడుగులు నడవండి, మెట్లు ఉంటే ఒక మెట్టు దిగండి. కొత్తగా సిలిండరు వచ్చినవాళ్లు ఇది చేయకుండా బయటికి రావద్దు.

ఒత్తిడి, చుక్కలు, రెటీనా

ఫట్‌మని గాలి ఊదే మిషన్ కంటి ఒత్తిడిది. నొప్పి ఉండదు, ఉలిక్కిపడతారంతే. మామూలు లెక్క 10 నుంచి 21. ఊపిరి బిగబట్టినా, రెప్పలు బిగించినా ఎక్కువ చూపిస్తుంది. 24 వచ్చిందని ఆ రోజే బెంబేలు పడక్కర్లేదు. మొద్దుబార్చే చుక్క, పసుపు రంగు మందు వేసి, నీలం వెలుతురులో గుడ్డుకు చిన్న ముక్కను ఆనించి మళ్లీ కొలుస్తారు. ఆ మొద్దు తగ్గడానికి పావుగంట పైనే పడుతుంది, అందాకా కన్ను నలపొద్దు. హాయిగా ఉందని ఆ మొద్దు చుక్కల సీసా అడిగి ఇంటికి తెచ్చుకోకూడదు, పదేపదే వాడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది.

పాప పెద్దయ్యే చుక్కలు వేసే ముందే పెద్దవాళ్ల సైటు తేలి ఉండాలి. చుక్కలు వేశాక చూసిన దగ్గరి పవరుకు విలువ లేదు. పది, పదిహేను నిమిషాలకోసారి రెండు మూడు విడతలు వేస్తారు, కొంచెం మండుతుంది, 20 నుంచి 30 నిమిషాల్లో పాప విచ్చుకుంటుంది. షుగరు పేషెంట్లకు, పెద్ద వయసువాళ్లకు ఆలస్యం కావచ్చు. గుండెజబ్బు, బాగా ఎక్కువ బీపీ ఉంటే ముందే చెప్పండి. మామూలుగా వాడే చుక్కల్లో ఉండే ఫినైలెఫ్రిన్ వాళ్లకు తగ్గించాలి లేదా మానాలి. నీటికాసులు ఉన్నాయని ఎవరైనా చెప్పి ఉంటే అదీ చెప్పాలి. కంట్లో కోణం ఇరుకుగా ఉన్నవాళ్లకు పాప విచ్చుకుంటే ఒత్తిడి ఒక్కసారిగా పెరగొచ్చు. ఆ సాయంత్రమో రాత్రో కన్ను పోటు, లైటు చుట్టూ రంగుల వలయాలు, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

తర్వాత గది చీకటి చేసి లెన్సు అడ్డంపెట్టి రెటీనా చూస్తారు. పైకి, కిందికి, పక్కలకు చూడమన్న వైపు చూస్తే చాలు. షుగరు ఉన్నట్టు తెలిసిన రోజు నుంచి పెద్దవాళ్లకు ఇది ఏడాదికోసారి తప్పనిసరి, చూపు బాగున్నా సరే.

చుక్కల మసక నాలుగు నుంచి ఆరు గంటలుంటుంది. నల్లద్దాలు, టోపీ లేదా గొడుగు తెచ్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, విచ్చుకున్న పాపతో ఆ ఎండలో కళ్లు తెరవలేరు. దగ్గరివి అసలు కనపడవు. మందుల షాపులో ఫోన్‌పే కొట్టేటప్పుడు సున్నాలు తోడొచ్చినవాళ్లనే లెక్కపెట్టమనండి.

పిల్లలతో

మూడు, నాలుగేళ్లకు ఒకసారి చూపించాలి, మెల్ల ఉన్నట్టు అనిపిస్తే ఏ వయసులోనైనా వెంటనే. ఒక కంట్లో సైటు ఎక్కువుండి ఇంకో కన్ను బాగుంటే పిల్లలకు తేడా తెలియదు, సైటు ఉన్న కన్ను వాడకంలో లేక బద్ధకిస్తుంది. ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే బాగుపడే అవకాశం ఎక్కువ. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటి వెలుగు పథకం మొదటి విడతలో బడిపిల్లల్నే చూశారు. బడిలో చేసేది వడపోత, పూర్తి పరీక్ష కాదు. అక్కడ "బాగుంది" అన్నా, పిల్లవాడు బోర్డు దగ్గరికి పోయి రాసుకుంటుంటే మళ్లీ చూపించండి. వరసలో ముందున్నవాడు చదివింది విని అప్పజెప్పే గడుగ్గాయిలుంటారు, చార్టును చివరి అక్షరం నుంచి మొదటికి చదివించమనండి.

పిల్లల కన్ను బిగబట్టకుండా ఉండేందుకు వేరే మందు వేస్తారు. సైక్లోపెంటొలేట్ అయితే ఆసుపత్రిలోనే, మసక ఒక రోజు దాకా. చిన్నపిల్లలకు, మెల్ల ఉన్నవాళ్లకు అట్రోపిన్ ఆయింట్‌మెంటు ఇచ్చి మూడు రోజులు ఇంట్లో పెట్టి తెమ్మంటారు. బియ్యపు గింజంత చాలు. పెట్టాక కంటి లోపలి మూలను నిమిషం సేపు వేలితో నొక్కిపట్టండి, మందు గొంతులోకి దిగదు. మీ చేతులు కడుక్కోండి, ట్యూబు పిల్లలకు అందనివ్వొద్దు. మొహం ఎర్రబడి, ఒళ్లు కాలి, నోరెండి, పిల్లవాడు చిరాకు పడుతుంటే ఆపేసి వెంటనే ఆసుపత్రికి ఫోను చేయండి. వేసవిలో ఈ జాగ్రత్త రెట్టింపు. అట్రోపిన్ మసక ఒకటి, రెండు వారాలుంటుంది కాబట్టి పరీక్షలప్పుడు పెట్టుకోకండి. మందు దిగాక మళ్లీ రమ్మంటారు, పిల్లవాడు తట్టుకునే పవరును అప్పుడే ఖాయం చేస్తారు. ఆ రెండో రాక ఎగ్గొట్టొద్దు.

చీటీ, అద్దాలు

చీటీలో కుడి, ఎడమ కళ్లకు వేరువేరు వరసలుంటాయి. ఎస్‌పీహెచ్ అసలు పవరు, మైనస్ అయితే దూరం మసక. సీవైఎల్ సిలిండరు, యాక్సిస్ దాని కోణం, 1 నుంచి 180 లోపు. పవర్లన్నీ 0.25 చొప్పున జరుగుతాయి. యాడ్ అంటే దూరం పవరుకు కలపాల్సింది. దూరం -1.25, యాడ్ +1.50 అయితే దగ్గరికి +0.25. మైనస్ ఉన్న పెద్దాయన అద్దాలు తీసేసి పేపరు చదివేది ఇందుకే.

రెండు చోట్ల చూపిస్తే రెండు రకాలుగా రాశారని గొడవపడే ముందు లెక్క చూడండి. -2.00, సిలిండరు +0.75, యాక్సిస్ 90 అని ఒకరు, -1.25, సిలిండరు -0.75, యాక్సిస్ 180 అని ఇంకొకరు రాస్తే రెండూ ఒకటే పవరు. మొదటి రెండూ కూడి, సిలిండరు గుర్తు మార్చి, యాక్సిస్‌కు 90 కలిపితే (అలా 180 దాటితే కలపకుండా 90 తీసేస్తే) ఒకటి రెండోదవుతుంది.

రెండు పాపల మధ్య దూరం పీడీ. అది రాయకపోతే రాయమనండి, మిల్లీమీటర్లలో ఉంటుంది. అద్దం నడిబొడ్డు మీ పాపకు ఎదురుగా రాకపోతే పవరు సరిగ్గా ఉన్నా తల దిమ్ముగా ఉంటుంది, పవరు ఎక్కువైన కొద్దీ ఇది బాధిస్తుంది. బైఫోకల్ (పైన దూరానికి, కింద దగ్గరికి ఉండే అద్దాలు) పెట్టుకుని గట్ల మీద, మెట్ల మీద నడిచేవాళ్లు కిందికి చూసినప్పుడు చదివే భాగంలోంచే చూస్తారు, అడుగు తప్పుతుంది. పొలం పని చేసేవాళ్లకు దూరానికొకటి, దగ్గరికొకటి విడిగా ఉండటమే మేలని మా అభిప్రాయం, రెండు జతల ఖర్చైనా.

అద్దాలు తీసుకునేటప్పుడు షాపులోనే లెన్సోమీటరు మీద పెట్టి, చీటీతో సరిపోయిందో చూపించమనండి. కొత్త సిలిండరుకు అలవాటు పడటానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పాతవీ కొత్తవీ మార్చి మార్చి పెట్టుకుంటే అలవాటు వెనక్కి పోతుంది. రెండు వారాలైనా నేల ఒరుగుతుంటే ముందు అద్దాల పవరు, పీడీ, ఫ్రేము ముక్కు మీద వంకరగా కూర్చుందా అన్నవి వరసగా చూపించండి. అవన్నీ సరిగా ఉంటే చీటీ రాసినవారి దగ్గరికి ఆ అద్దాలూ పాతవీ తీసుకుని పోయి, పవరు మళ్లీ చూడమనండి.